ఊపిరి పీల్చిన రిఫ్రిజిరేటర్

1944 వానాకాలం. పాతబస్తీలో రిఫ్రిజిరేటర్ ఉన్న ఇళ్లు తక్కువ, వాటిని బాగుచేసేవాళ్లం ఇంకా తక్కువ. ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. ప్రతిదీ కొలిచి, రాసుకుని, తేడా ఎక్కడ వచ్చిందో చూసుకుంటూ నేర్చుకున్నాను.

లాల్‌దర్వాజా అవతల ఉండే బట్టల వ్యాపారి అన్వర్ భాయ్ కబురు పెట్టాడు. ఆయన కూతురు జమీలాకు తొమ్మిదేళ్లు, చక్కెర జబ్బు. రోజూ ఇన్సులిన్ సూది పడాలి. ఆ మందు వెచ్చబడినా చెడుతుంది, గడ్డకట్టినా చెడుతుంది. యుద్ధం వల్ల బొంబాయి నుంచి సరుకు సరిగా రావడం లేదు. ఉన్న మూడు సీసాల్లో ఒకటి అప్పటికే గడ్డకట్టింది.

పర్దా పాటించే ఇల్లు. గుమ్మంలోంచి కేకేస్తే ఆడవాళ్లు తెర వెనక్కి వెళ్లారు. అప్పుడు నన్ను లోపలికి పిలిచారు. రిఫ్రిజిరేటర్ తెరిచి చూస్తే ఇవాపొరేటర్, అంటే చల్లదనం పుట్టే పై గది, చుట్టూ అంగుళంపావు మంచు. అది కిందికి సాగి, మందు పెట్టే అరను పట్టేసింది. దాని కింది అరలేమో వెచ్చగా ఉన్నాయి.

"ఇది ఊపిరి పీలుస్తది," అంది జమీలా నా పక్కన చేరి. "చెవివెట్టి విన్న. లోపల ఒకామె ఉన్నది."

"గదొక్కటే తక్కువైంది! కిరాయి అడుగుదాం ఆమెను," అన్నాడు అన్వర్ భాయ్. ఆయనకు మాత్రం నవ్వు రాలేదు.

మంచు ఇంతగా పేరుకుందంటే తడిగాలి దూరుతున్నట్టే. తలుపు అంచున ఉండే రబ్బరు పట్టీని గాస్కెట్ అంటాం. అక్కడ కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగాను. అలా పదహారు చోట్ల చూస్తే, అన్నిచోట్లా బిగువుగానే ఉంది. చెవి పెట్టాను, ఊపిరి వినిపించలేదు. కరెంటు ఆపి, వేడినీళ్ల గిన్నె పెట్టి డిఫ్రాస్ట్ చేశాను, అంటే మంచంతా కరిగించాను. మళ్లీ నడిపించి నాలుగు గంటలు కూర్చున్నాను. పలచని పొర తప్ప ఏమీ పట్టలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం మళ్లీ కబురు. గుమ్మంలోనే అన్వర్ భాయ్ ఎదురయ్యాడు. చేతిలో తడిగుడ్డ చుట్టిన సీసా. రెండోదీ గడ్డకట్టి, మిగిలింది అదొక్కటే. కొత్త సరుకు రావడానికి ఇంకా ఎనిమిది రోజులు.

"మీరుంటే బుద్ధిగుంటది. మీరు పోంగనే మొదలువెడ్తది మిస్త్రీ సాబ్. నాకు భయమైతుంది," అన్నాడు.

లోపలికి కేకేసి నిలబడ్డాం. అడుగుల చప్పుడు తెర వెనక్కి వెళ్లి ఆగిపోయింది. అప్పుడు లోపల రిఫ్రిజిరేటర్ గొళ్లెం 'టక్'మంది. కాసేపాగి మళ్లీ 'టక్'.

మా వెనకే గుమ్మంలో నిలబడ్డ జమీలా నా చెయ్యి పట్టుకుంది. "ఆమె బయటికొచ్చింది," అంది మెల్లగా.

లోపలికి వెళ్లి చూస్తే గదిలో ఎవరూ లేరు. నేల దగ్గర చల్లటి గాలి పాదాలకు తగిలింది. రిఫ్రిజిరేటర్ దగ్గరి నుంచి తెర దాకా బండల మీద నీటిచుక్కలు. ఏడు లెక్కపెట్టాను. మొదటిసారి వచ్చినప్పుడు కాగితాన్ని నమ్మి రబ్బరును తడిమి చూడలేదు. ఇప్పుడు చూస్తే పైమూలన సన్నని గాడి, దారమంత వెడల్పు.

తెరవైపు తిరిగాను. "అమ్మా, ఇందులకెల్లి ఏం తీసిన్రు?"

తెర వెనక నుంచి అన్వర్ భాయ్ తల్లి గొంతు వినిపించింది. ఆ పెట్టెలో మందు పెట్టేది, తీసేది ఆమె ఒక్కతే.

"తాయెత్తు, బేటా. పిల్ల జాన్, దాని పానం, గా డబ్బలనే ఉన్నదాయె. నజర్ తగలొద్దని దారం తలుపు పైమూలకెల్లి తీసి లోపల ఏలాడగట్టిన. పరాయోళ్ల కండ్లవడితే అసర్ పోతది. అందుకే మీరు పిలువంగనే తీసిన."

"దారం మీదికెల్లి తలుపు మూస్తే సందు వడ్తదమ్మా. ఊపిరి లెక్క ఇనవడేది గా సందుల గాలే. దానితోనే మంచు."

"గట్లయితే దవా ఖరాబు చేసింది నేనేనా?"

లెక్క ప్రకారం అవును. జమీలా వెళ్లి తెరలోకి చెయ్యి చాపింది. "దాదీమా, నా దండచెయ్యికే కట్టు. జాన్ నాకాడనే ఉన్నది కదా."

కొత్త సరుకు వచ్చేదాకా రోజూ వెళ్లి మంచు కొలిచాను. పావు అంగుళం దాటలేదు. ఆ చివరి సీసా చెడిపోలేదు.

కాగితమూ కొలబద్దా నేను ఉన్నప్పటి సంగతే చెబుతాయి. ఆ పెట్టెతో బతికేది ఇంటివాళ్లు. బయటివాడు వస్తున్నాడంటే వాళ్లు ముందుగా దాచేది చెత్తను కాదు, అన్నిటికంటే ఎక్కువగా నమ్ముకున్నదాన్ని. అందుకే ఇప్పుడు ఏ ఇంట్లోనైనా పనిముట్లు బయటికి తీసేముందు అడుగుతాను: నేను వస్తున్నానని ఏం తీసి పక్కన పెట్టారు?