ఎడమ పక్క జాగ

చైతన్య జనగామలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. నోరు మంచిది కాదు గానీ పాఠం మంచిది. సమాచారం అమర్చే బైనరీ ట్రీ పాఠానికి బోర్డు మీద చెట్టును తలకిందులుగా గీస్తాడు. పైన తల్లి, కింద ఎడమకొక బిడ్డ, కుడికొక బిడ్డ. ఎడమ బిడ్డ లేకపోతే ఆ చోటు ఖాళీగానే ఉండాలి. ఎవరైనా కుడి బిడ్డను అటు జరిపి గీశారో, అతనికి చిర్రెత్తుకొస్తుంది.

"ఎవని జాగ వానిదే! ఎడమోడు పోయిండనుకో, వాని కింద బిడ్డ ఉంటె ఆ బిడ్డ పైకొస్తది. పక్కోడు జరుగుడేంది?"

ఈ మాట మొదటి బెంచీలో కూర్చుని అక్షిత వినేది. ఆమె చైతన్య అన్న కూతురు. అన్న అరుణ్ పొలంలో మోటారు షాకు కొట్టి పోయాడు. జఫర్‌గఢ్‌లో తాత రాజయ్యే ఆ పిల్లను పెంచాడు. డిగ్రీలో చేరాక చైతన్య ఇంట్లో ఉండి చదువుకుంటోంది. "మీ బాపు జాగ నీదే బిడ్డా. నాకు కొరివి నువ్వే పెట్టాలె" అని తాత పదిమందిలో అనేవాడు.

మొన్న వానాకాలంలో రాజయ్య పోయాడు. తండ్రికి పెద్ద కొడుకు, తల్లికి చిన్న కొడుకు తలకొరివి పెట్టడం మన దగ్గర ఆచారం. అక్షిత తలస్నానం చేసి, తడి బట్టలతో వచ్చి నిప్పుకుండ పక్కన నిలబడింది.

కులపెద్ద సోమయ్య ఆమెను పక్కకు జరిపాడు. "కొడుకుండంగ ఆడివిల్లతోని పెట్టిస్తరా? అరుణ్ లేడు, ఇగ నువ్వే పెద్దోనివి. పట్టు చైతన్యా."

"అన్న బిడ్డ ఉన్నది గద, పెద్దబాపు..."

అంతవరకే అన్నాడు చైతన్య. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు. ఇతను క్లాసులో పులి. కుండ అందుకున్నాడు.

"చిన్నబాపు, తాత నాకు చెప్పిండు" అంది అక్షిత. అతను తల వంచుకుని నడిచాడు. ఆ నడక తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

దినాలయ్యాక గుండుతో కాలేజీకి వచ్చాడు. ఆగిన పాఠం ఎత్తుకుని, బోర్డు మీద ఎడమ బిడ్డను చెరిపాడు. దాని కింది బిడ్డ అట్లాగే మిగిలింది.

"ఇప్పుడు గీ జాగల ఎవరొస్తరు?" అలవాటు కొద్దీ అడిగేసి, నాలుక కరుచుకున్నాడు.

అక్షిత లేచింది. "కుడిపక్కోడొస్తడు సార్."

తిట్లు పడతాయని క్లాసంతా ఎదురుచూసింది. అతను తప్పనలేదు. ఒప్పని కూడా అనలేదు. చాక్‌పీసు పట్టుకుని బోర్డు వైపే తిరిగి నిలబడ్డాడు.

ఆనాటి నుంచి ఆ పిల్ల ఇంట్లో కూడా అతన్ని సార్ అనే పిలుస్తోంది.