చెల్లెలి కొంగు కట్టిన రాకెట్టు

నేను ఎగరేసిన రాకెట్టు కొల్లేటి మీద వెయ్యి అడుగుల ఎత్తుకి వెళ్ళింది. మేఘాన్ని చీల్చుకుని పోయిందని చాలామందికి చెప్పాను. ఆ రోజు మేఘమే లేదు. ఎత్తు కూడా మూడు తాడిచెట్లు ఒకదానిమీద ఒకటి నిలబెట్టినంత. అదీ నా కంటికి. ఈ వయసులో అబద్ధాలు మొయ్యడానికి కూడా ఓపిక ఉండటం లేదు. అందుకే మొదట్లోనే దించేస్తున్నాను.

ఏలూరులో గొడుగులూ టార్చిలైట్లూ బాగుచేసే కొట్టు నాది. కొట్టు మూసేశాక మిగిలిన సామానుతో ఈ పిచ్చి పట్టుకుంది. పాత క్యాలెండరు కాగితాన్ని కర్రకి చుట్టి మైదా జిగురుతో అంటిస్తే గొట్టం. శుభలేఖల అట్టతో రెక్కలు. జీలుగు బెండు చెక్కితే పైన ముక్కు. విరిగిన గొడుగు ఊచని నేలలో పాతితే, రాకెట్టు దాన్ని పట్టుకుని నిటారుగా లేస్తుంది. కొనాల్సింది మోటారు ఒక్కటే. బొటనవేలంత అట్ట గొట్టంలో మందు కూరి ఉంటుంది. బ్యాటరీ తీగతో అంటిస్తే రాకెట్టుని పైకి తోస్తుంది. మందు అయిపోయాక చివర్లో చిన్నగా పేలి, ముక్కుని ఊడగొట్టి, లోపల మడిచిపెట్టిన గుడ్డ గొడుగుని బయటికి నెడుతుంది. గొడుగు విచ్చుకుని రాకెట్టుని మెల్లగా దించుతుంది.

పెద్ద మోటార్లూ ఉంటాయి. చిన్నవాటిలోనే పనితనం తెలుస్తుందని అందరితో అనేవాణ్ణి. నిజానికి చేతిలో డబ్బు లేదు, మోకాళ్ళలో బలం లేదు. చిన్న మోటారు రాకెట్టు ఎంత గాలికి కొట్టుకుపోయినా రెండు పొలాల అవతలే పడుతుంది. అంతవరకూ నడవగలను, మధ్యలో ఒకసారి గట్టుమీద కూర్చుంటే.

మా చెల్లెల్ని తాడేపల్లిగూడెం ఇచ్చాం. నా వెయ్యి అడుగుల కథలన్నీ ఫోనులో తనే వినేది. "ఆకాశంలో గొడుగు విచ్చుకోవడం ఒక్కసారి చూపించు అన్నయ్యా," అనేది. ఎండలు తగ్గనీ, కోతలవనీ అంటూ వాయిదా వేశాను. కిందటేడు తను పోయింది. ఈ ఏడు రెండో పంట దాళ్వా కోతలయ్యాక తన భర్త, తాడేపల్లిగూడెంలోనే ఉల్లిపాయల వ్యాపారం చేసే మా బావగారు, ఒక సాయంత్రం మా ఇంటికొచ్చారు. చేతిలో ఎర్ర జార్జెట్ గుడ్డ. చెల్లెలి చీర కొంగులోంచి కత్తిరించిన ముక్క.

"దీన్ని రాకెట్టుకి గొడుగుగా కట్టండి బావగారూ," అన్నారు నాతో. "తనెలాగూ చూడలేదు. నేనైనా చూస్తాను."

నా డబ్బాలో ఒక్క మోటారే మిగిలింది. వాటిని చేసే ఆయన మానేశాడు. ఆ సంగతి బావగారికి చెప్పలేదు.

ఆ రాత్రే కొంగుకి దారాలు కట్టి రాకెట్టులో మడిచిపెట్టాను. మర్నాడు పొద్దున్నే ఆటో మాట్లాడుకుని, గుండుగొలను దాటి కొల్లేటి వైపు వెళ్ళాం. కోసేసిన చేను, పక్కనే చేపల చెరువు. కాపలా మనిషి పక్షుల్ని తోలడానికి టపాకాయలు కాలుస్తున్నాడు.

"ఏవండీ, మీదీ పిట్టలకేనా అండీ?" అని కేకేశాడు.

"కాదయ్యా, చుక్కలకి," అన్నాను.

"అయితే మా చేపల జోలికి రారన్నమాట!"

బావగారు నవ్వారు. ఏడాది తర్వాత ఆ నవ్వు విన్నాను.

మూడు లెక్కపెట్టి మీట నొక్కాను. బుస్సుమని లేచింది. పైన టప్పుమని చప్పుడైంది. గొడుగు రాలేదు. కాలిన మోటారు కిందినుంచి ఊడి ఎక్కడో పడింది. రాకెట్టు ముక్కు కిందికి పెట్టుకుని తిన్నగా చెరువులో దిగింది.

"విచ్చుకుందా అండీ? ఎండకి కళ్ళు చెదిరిపోయాయి," అన్నారు బావగారు.

"విచ్చుకుందండీ! ఎర్రగా, మందారంలా," అనేశాను.

ఈలోగా కాపలా మనిషి దోనె తోసుకుంటూ వెళ్ళి, రాకెట్టు తెచ్చి నేరుగా బావగారి చేతిలో పెట్టాడు. "ముక్కు బిగుసుకుపోయిందండీ, రావట్లేదు."

బావగారూ లాగి చూశారు. రాలేదు. వేలితో గొట్టం చింపారు. లోపల కొంగు నేను పెట్టిన మడతల్లోనే ఉంది. ముక్కు చుట్టూ పసుపు.

"ఈ పసుపు ఎవరు పూశారు బావగారూ?" అని నన్ను అడిగారు.

కొట్టులో ఏ కొత్త పనిముట్టుకైనా పసుపు రాసి బొట్టు పెట్టేవాణ్ణి. రాకెట్లకి ఎప్పుడూ రాయలేదు. ఆ పొద్దున, బావగారు లేవకముందు, ఆఖరి మోటారు కదా అన్న భయంతో తడి పసుపు దట్టంగా పూశాను. అదీ సరిగ్గా ముక్కు గొట్టంలోకి దూరే చోట. ఆ తడి తాగి బెండు ఎగరకముందే ఉబ్బి బిగుసుకుంది.

"నేనేనండీ," అన్నాను. "విచ్చుకోలేదు. ఇంకో మోటారు కూడా లేదు."

ఆయన కొంగు మడతలు విప్పి నీళ్ళు పిండారు. నేను గట్టుమీద కూలబడ్డాను.

"మా అన్నయ్య వెయ్యి అంటే వంద అనుకోండి అనేది మీ చెల్లెలు," అన్నారాయన. "ఆ వంద మాత్రం నిజమేననేది."

తిరుగు ప్రయాణంలో ఆయన తడి గుడ్డని దారాలతో పట్టుకుని ఆటో బయటికి చాపారు. కాసేపు చేతికి చుట్టుకుని టపటపలాడింది. ఆరేకొద్దీ తేలికైంది. రోడ్డు మలుపులో గాలి పొట్టనిండా పట్టి, ఒక్కసారిగా విచ్చుకుంది.

"ఎంతెత్తు అంటారు బావగారూ?" అని అడిగారు.

"నాలుగడుగులండీ," అన్నాను.

గుండుగొలను వచ్చేదాకా ఆయన చెయ్యి లోపలికి తియ్యలేదు.