రెండో ప్లగ్గు

ఇంట్లో అందరూ ఆయన్ని ఇంజినీరు అంటారు. ఆయన ఇంజినీరింగు కాలేజీ గడప కూడా తొక్కలేదు. ఒక పెద్ద ఆఫీసు స్టోర్సులో ఇరవై రెండేళ్ళు గుమాస్తాగా పనిచేశాడు. కీబోర్డులు, మౌసులు, వైర్ల చుట్టలు బీరువాలోంచి తీసి, సంతకం పెట్టించుకుని ఇవ్వడం ఆయన ఉద్యోగం. ఇన్నేళ్ళు వాటిని చేత్తో పట్టుకున్నాడు కాబట్టి వాటి గుట్టంతా తనకి తెలిసిపోయిందని ఆయన నమ్మకం. భార్య కూడా అదే నమ్మింది. నమ్మనిది భార్య చెల్లెలు, ఆయన మరదలొక్కతే. "మందుల బీరువా ముందు నిలబడ్డంత మాత్రాన నేను డాక్టర్నైపోయానా?" అని ఆవిడ అక్క దగ్గర చాలాసార్లు సణిగింది.

ఆవిడ పని మందుల షాపులో. ఏ డబ్బా చేతికొచ్చినా లోపలి కాగితం తీసి, మడతలన్నీ విప్పి, చీమ తలకాయంత అక్షరాలు కూడా చదివాకే పక్కన పెడుతుంది. బావకేమో ఆ కాగితం చదవడమంటే నామోషీ. మిక్సీ కొన్నా ఫ్యాను కొన్నా, దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని తిరిగి డబ్బాలో పడేస్తాడు. "పని రానివాళ్ళ కోసం వేస్తారమ్మా ఇవి" అంటాడు. అలా పని వచ్చిన చేత్తో ఆయన ఇప్పటిదాకా ఒక ఇస్త్రీపెట్టెని, రెండు గోడ గడియారాలని, పక్కింటివాళ్ళ నీళ్ళ మోటారుని సాగనంపాడు. ప్రతిసారీ చేతులు తుడుచుకుంటూ ఒకటే మాట: "దాని ఆయుష్షు అంతే."

అవన్నీ పోతే పోయాయి. అక్క లాప్‌టాప్ సంగతి వేరు.

అక్క చూపులేని పిల్లల బళ్ళో టీచరు. పాఠాల్లో వచ్చే కప్ప, గుండెకాయ, వంతెన, రైలింజను, వీటన్నిటినీ ఉత్త గీతలతో కంప్యూటర్లో గీస్తుంది. బళ్ళో ఉన్న మిషను ఆ గీతల్ని కాగితం మీద ఉబ్బెత్తుగా అచ్చు వేస్తుంది. పిల్లలు వేళ్ళతో తడిమి చూస్తారు. రెండు గీతలు మరీ దగ్గరగా ఉంటే వేలికి ఒకటే గీతలా తగులుతుంది, అందుకని ప్రతి బొమ్మనీ పిల్లలకిచ్చి, వాళ్ళు "టీచర్, ఈ కాలు ఎక్కడ మొదలైంది?" అని అడిగినప్పుడల్లా దిద్దాలి. ఒక్క కప్పకే ఏడుసార్లు దిద్దింది. అలా తొమ్మిదేళ్ళలో ఆరువందల నలభై బొమ్మలు.

రెండేళ్ళ క్రితం ఆ లాప్‌టాప్ ఆగిపోయింది. లోపలి హార్డ్ డ్రైవుకేం కాలేదు, దాన్ని బయటికి తీసి వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే బొమ్మలన్నీ వచ్చేస్తాయని బడి ఆఫీసులో చెప్పారు. "అంత మాత్రానికి బయటివాళ్ళెందుకు, నేను లేనా?" అన్నాడు ఇంజినీరు. డ్రైవుని ఊడదీశాడు. దాన్ని పెట్టుకోవడానికి డబ్బీలాంటి ఒక కేసు, వైరు కొనుక్కొచ్చి, అందులో బిగించి కంప్యూటర్‌కి గుచ్చాడు. లైటు వెలిగింది. టక్, టక్ మని చప్పుడు. కంప్యూటర్లో మాత్రం ఏమీ కనపడలేదు. మూడు రోజులు తీసి గుచ్చి, గుచ్చి తీసి, నాలుగో రోజున దాని ఆయుష్షు అంతే అన్నాడు. వేరేవాళ్ళకి చూపిద్దామని అక్క అంటే, "నా మీద ఆ మాత్రం నమ్మకం లేదా?" అని రెండు రోజులు అన్నం మానేశాడు. అక్క ఇంక ఆ ఊసెత్తలేదు. కొత్త కంప్యూటర్ ముందు కూర్చుని కప్ప దగ్గర్నించి మళ్ళీ మొదలుపెట్టింది.

మొన్న ఆదివారం పొద్దున్న మరదలు వెళ్ళేసరికి ఇంజినీరు బల్ల మీద పాత పేపరు పరిచి, దాని మీద ఆ డ్రైవు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కనే అక్క నూట పదమూడో బొమ్మ గీస్తోంది. తల ఎత్తలేదు.

"ఏంటి బావా ఇది?"

"దీన్లో అయస్కాంతం ఉంటుందమ్మా. వేలెడంత ఉంటుంది, సుత్తిని లేపుతుంది! చచ్చినదాన్ని దాచుకుని ఏం లాభం? విప్పేస్తున్నా."

విప్పేస్తున్నాడన్న మాటే గానీ స్క్రూలు కదలడం లేదు. వాటి తలలు నక్షత్రం ఆకారంలో ఉన్నాయి. ఆయన దగ్గరున్న స్క్రూడ్రైవరు జారి జారి డ్రైవు మీద నాలుగు గీతలు పడ్డాయి. చివరికి నుదురు తుడుచుకుని, ఆ స్క్రూలకి పట్టే నక్షత్రం బిట్టు కొనుక్కొస్తానని చొక్కా వేసుకున్నాడు. "పావుగంటలో వస్తా. ఎవరూ ముట్టుకోకండి, సున్నితమైన వస్తువు" అని గుమ్మంలోంచి చెప్పి మరీ వెళ్ళాడు.

మరదలికి ఒళ్ళు మండింది. తిట్టడానికి మనిషి ఎదురుగా లేడు. బల్ల మీద ఆ కేసు తాలూకు డబ్బా ఉంటే, చెయ్యి ఊరుకోక తెరిచింది. అడుగున కాగితం ఉంది. పెట్టిన మడత పెట్టినట్టే ఉంది. విప్పి చదివింది. చదివి, వైరు తీసి చూసింది. దాని చివర రెండు ప్లగ్గులున్నాయి. ఒకటి గుచ్చి గుచ్చి అరిగిపోయింది. రెండోదాన్ని మడిచి రబ్బరుబ్యాండు చుట్టేశాడు మహానుభావుడు. ఆ రబ్బరు ఎండి వైరుకి అంటుకుపోయింది. ప్లగ్గు మీద ప్లాస్టిక్ టోపీ అలాగే ఉంది.

"అక్కా, ఈ రెండోది ఎప్పుడూ పెట్టలేదా?"

"అది స్పేరటే. మొదటిది పాడైతే వాడుకోవడానికట."

"ఎవరు చెప్పారు?"

మౌసు మీద అక్క చెయ్యి ఆగిపోయింది.

మరదలు డ్రైవుని మళ్ళీ కేసులోకి తోసి, టోపీ పీకి, రెండు ప్లగ్గులూ అక్క కంప్యూటర్‌కి పక్కపక్కనే గుచ్చింది. టక్, టక్ లేదు. సన్నగా తిరుగుతున్న చప్పుడు, అది అలాగే నిలకడగా సాగింది. తెరమీద 'బొమ్మలు' అన్న పేరు వచ్చింది. లోపల ఆరువందల నలభై.

అక్క ముందు కప్పని తెరిచింది. ఏడుసార్లు దిద్దిన ఆ పాత కప్ప. కాళ్ళ మధ్య పిల్లల వేలు పట్టేంత సందు. దానివైపు చాలాసేపు చూసింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందేమోనని చెల్లెలు భుజం మీద చెయ్యి వేసింది. అక్క ఏడవలేదు. అన్నిటినీ కొత్త కంప్యూటర్లోకి కాపీ పెట్టి, అప్పటిదాకా గీస్తున్న నూట పదమూడో బొమ్మని సేవ్ చేయకుండానే మూసేసింది.

ఇంజినీరు బిట్టు ఊపుకుంటూ వచ్చాడు. కాపీ అవుతున్న బొమ్మలు చూసి ఒక్క క్షణం తెల్లముఖం వేశాడు. ఒక్క క్షణమే!

"చూశావా! రెండేళ్ళు రెస్ట్ ఇచ్చాను, లేచి కూర్చుంది. అందుకేగా నేను పారేయకుండా దాచింది!"

ఇంతసేపూ విప్పడానికి కుస్తీ పట్టిన మనిషి నోట్లోంచే ఈ మాట. సిగ్గు అనేది కూడా స్టోర్సులో ఎవరికో సంతకం పెట్టించుకుని ఇచ్చేసినట్టున్నాడు అనుకుంది మరదలు. గట్టిగా కడిగేద్దామని నోరు తెరిచేలోపు అక్క కుర్చీ చూపించింది.

"కూర్చోండి. ఇది చదవండి."

"ఏంటది? కాగితమా? నాకెందుకు అవన్నీ..."

"పైకి చదవండి."

పాతికేళ్ళుగా బళ్ళో పిల్లలతో మాట్లాడే గొంతే అది. ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. "ఒక్క ప్లగ్గుతో డ్రైవుకి కరెంటు చాలకపోవచ్చు. రెండు ప్లగ్గులూ పెట్టండి."

"మళ్ళీ."

"చదివాను కదా!"

"నూట పన్నెండు బొమ్మలు మళ్ళీ గీశానండీ. ఒక్కో బొమ్మకి ఒక్కసారి చదవండి."

వేళాకోళం అనుకుని ఆయన నవ్వాడు. మరదలి వైపు చూశాడు. ఆవిడ మందుల చీటీల మీద రాసే పెన్సిలు తీసి, డబ్బా మూత మీద ఒక అడ్డగీత పెట్టి, రెండోదాని కోసం ఆగింది. ఆయన నవ్వు మెల్లగా ఆరిపోయింది. చదివాడు. పన్నెండోసారికి గొంతు ఎండి, "కాసిని మంచినీళ్ళివ్వవే" అన్నాడు.

పెళ్ళైన దగ్గర్నించీ ఆయన అడిగితే అక్క లేవకపోవడం ఎప్పుడూ లేదు.

"ఇంకా వంద ఉన్నాయి" అంది అక్క, కూర్చున్నచోటు నుంచి కదలకుండా.