తీతువు గుడ్లకు నిమ్మకాయల కాపలా

మా అత్తమ్మ అనంతమ్మ నోరు విప్పితేనే మామిడిపల్లిలో మా వాడకు తెల్లారుతుంది. పొగుడుతున్నాననుకునేరు, గోడు వెళ్లబోసుకుంటున్నాను. నేను కాపురానికొచ్చిన మొదటి పొద్దున బర్రెను తిట్టింది, పాలవాణ్ణి తిట్టింది, మా ఆయన రాజశేఖర్‌ను తిట్టింది, ఆ తర్వాత నా వంతు వచ్చింది. చాయ్‌లో చక్కెర ఎక్కువైనా తిట్టే, తక్కువైనా తిట్టే. విమానం నెత్తిమీద నుంచి పోతుంటే ఊళ్లో అందరూ మాట ఆపుతారు. మా అత్తమ్మ ఆపదు. విమానం దాటిపోయాక మిగతా తిట్టు వినబడుతుంది.

ఇంత నోరున్న మనిషి ఒక పిట్టకు లొంగిపోయింది. అదీ తీతువు పిట్టకు! ఆ పిట్ట ఇంటిమీద అరిస్తే కీడని, ఎవరో పోతారని మా దిక్కు అందరికీ భయం. అది చెట్టెక్కి గూడు కట్టదు. చేనులో మట్టిపెళ్లల నడుమ, ఉత్త నేలమీద గుడ్లు పెడుతుంది. దగ్గరికి ఎవరొచ్చినా నెత్తిమీద తిరుగుతూ గొంతు చించుకుంటుంది. గుడ్లేమో అచ్చం మట్టి రంగు. కాలికింద పడేదాకా కనబడవు.

2010లో మా చేను దున్నుతుంటే ట్రాక్టర్ అలాగే వాటిమీది నుంచి పోయింది. తర్వాత ఎన్నో రోజులు పిట్ట ఆ చాళ్లమీదే తిరిగి తిరిగి అరిచింది. ఒకరోజు అత్తమ్మ అన్నం ముందు కూర్చుని, "గది నన్నే అడుగుతున్నట్టున్నది, పూర్ణిమా" అని కంచం పక్కకు జరిపింది. ఆమె అన్నం వదిలెయ్యడం నేను చూడటం అదే మొదలు.

మరుసటి ఏడు మృగశిర కార్తెకు ఆ పిట్ట మళ్లీ మా చేనులోనే గుడ్లు పెట్టింది. విమానాశ్రయం వచ్చినప్పటి నుంచి ఊళ్లోని ట్రాక్టర్లన్నీ ప్లాట్లకు మట్టి మోస్తున్నాయి. దున్నడానికి, అంతకుముందు ఏడు మా చేను దున్నిన పెంటయ్య ఒక్కడే మిగిలాడు. అతనూ షాద్‌నగర్ దగ్గర మట్టిపనికి ఒప్పుకున్నాడు.

"రేపు పొద్దుగాల్ల వస్త, అక్కా. రేపు కాకుంటే ఇగ దసరాకే" అని అత్తమ్మతో చెప్పి పోయాడు.

వాన పడి నేల మంచి పదునుమీద ఉంది. దున్నకపోతే ఆ ఏడు మొక్కజొన్న లేదు. దున్నితే గుడ్లు లేవు.

"గుడ్ల చుట్టూ జర ఇడిచిపెట్టమని చెప్పుదాం" అన్నాను.

"పోయినేడు చెప్పలేదా? చూస్త చూస్త అన్నడు, చూసిండా? వాని కండ్లు సెల్‌ఫోన్లనే ఉంటయ్."

"అయితే చుట్టూ నాలుగు కర్రలు పాతుదాం, అత్తమ్మా."

"ఆ, పాతు! ప్లాటు చేసిన్రనుకొని ఎవడన్న బేరానికొస్తడు."

ఆ సాయంత్రం ఇంకో గోల. పచ్చడికని నేను తెచ్చిన నిమ్మకాయలు తక్కువయ్యాయట. బజారులో లెక్క చూసుకోవడం కూడా రాదా అని అత్తమ్మ నన్ను వాడంతా వినేలా దులిపేసింది. నేను సరిగ్గానే తెచ్చానని ఎంత మొత్తుకున్నా వినలేదు.

తెల్లారి చేనుకు పోయి చూద్దును కదా, చేను నడుమ ఇంత పెద్ద ముగ్గు. దాని నాలుగు మూలలా పసుపు, కుంకుమ, నిమ్మకాయలు.

"మూడుబాటల కాడ నిమ్మకాయ కనబడితే పెంటయ్య బండిని ఏం చేస్తడు?" అంది అత్తమ్మ, గెలిచినదానిలా నవ్వుతూ.

"పక్కకు తిప్పుతడు."

"గిదీ గంతే. గుడ్లు కనబడకున్నా నిమ్మకాయ కనబడుతది."

ఏం తెలివి తల్లీ అనుకున్నాను. కానీ ఆ తెలివి కాస్త ఎక్కువైంది.

పెంటయ్య పాట పెట్టుకుని హుషారుగా వచ్చాడు. ట్రాక్టర్ చేనులోకి తిరిగిందో లేదో, తీతువు లేచి అతని నెత్తిమీద కేకలు మొదలుపెట్టింది. పైకి చూశాడు. తర్వాత ముందుకు చూశాడు. పాట ఆపాడు, ఇంజను ఆపాడు.

"అక్కా! నీ చేన్ల ఎవలో మంత్రం చేసిన్రు!"

"ఎవలూ చెయ్యలే. నేనే పెట్టిన."

అయిపోయింది. పెంటయ్య స్టీరింగు మీది చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "నువ్వా, అక్కా?" అన్నాడు, ఏడుపు గొంతుతో. వెంటనే ఇంజను స్టార్ట్ చేసి వెనక గేరు వేశాడు. అత్తమ్మ పరుగెత్తుకెళ్లి ట్రాక్టర్ వెనక రెండు చేతులూ చాపి నిలబడింది.

"నీమీద కాదుర! గుడ్ల కోసం పెట్టిన!"

"గుడ్లేడున్నయ్?"

"అగో, ముగ్గు నడుమ!"

అతను సీటు దిగకుండా మెడ చాపి చూశాడు. "నాకు మట్టే కనబడుతున్నది, అక్కా. నీకు ఏం కనబడుతున్నదో నాకు చెప్పకు" అన్నాడు. అదే సమయానికి పిట్ట మీదికి దూకింది. నెత్తిమీది తువ్వాల ఎగిరిపోయింది. దిగి తీసుకునే ధైర్యం కూడా లేదు. "పిల్లలు గలోన్ని. ఈ చేన్ల నేను నాగలి దించ" అని దండం పెట్టాడు.

అత్తమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పదునుమీదున్న చేనువైపు చూసింది, పిట్టవైపు చూసింది. చటుక్కున వంగి ఒక నిమ్మకాయ తీసింది.

"అత్తమ్మా, వద్దు!" అని అరిచాను.

కొడవలితో కోసి, నీళ్ల చెంబులో పిండి, సద్దిమూటలోని ఉప్పు వేసి గటగటా తాగింది. సగం తాగి చెంబు నాకు అందించింది. "నువ్వు తాగు."

నేను డిగ్రీ రెండో ఏడాది దాకా చదివినదాన్ని. నిమ్మకాయంటే నిమ్మకాయే అని నాకు బాగా తెలుసు. నా చేతులకే తెలియలేదు, చెంబును మూతిదాకా రానివ్వలేదు.

"మనింట్లయేనే! నిన్న పచ్చడికి తక్కువైనయి గివే!" అంది అత్తమ్మ.

నాకు ఒళ్లు మండిపోయింది. తనే తీసి, వాడంతా వినేలా నన్ను తిట్టిందా! ఆ కోపంలో చెంబెత్తి చుక్క మిగలకుండా తాగేశాను.

పెంటయ్య మేమెప్పుడు పడిపోతామా అని కళ్లార్పకుండా చూశాడు. ఎండ ముదిరింది. మేము పడలేదు. అత్తమ్మ అతని తాత నుంచి మొదలుపెట్టి అందరినీ వరసగా తిడుతోంది. చివరికి అతను మూతి తుడుచుకున్నాడు.

"అక్కా, ఇంకో కాయ పిండరాదు? నాకు ఉప్పు జర ఎక్కువెయ్యి."

ముగ్గు చుట్టూ చాపంత నేల వదిలి, చేనంతా దున్నిపెట్టి పోయాడు. కానీ ఆ చప్పుడుకు ఎగిరిపోయిన పిట్ట తిరిగి రాలేదు. పొద్దుగూకేదాకా అత్తమ్మ గట్టుమీద కూర్చుని చూసింది. ఇంటికొచ్చి ఒక్క మాట మాట్లాడలేదు. నేను కావాలనే చాయ్‌లో చక్కెర గుమ్మరించి ఇచ్చాను. మారు మాట్లాడకుండా తాగేసింది. విమానాశ్రయంలో డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన గుమ్మంలోనే ఆగి, "ఇంత సప్పుడు లేదేంది? ఎవలన్న పోయిన్రా?" అన్నాడు. నాకు నిజంగా భయమేసింది. ఆ నిమ్మకాయ నన్ను వదిలి ఆమెను పట్టుకుందేమోనని అందరు దేవుళ్లకూ మొక్కుకున్నాను.

పొద్దున లేచేసరికి అత్తమ్మ మంచంలో లేదు. చేనువైపు నుంచి తీతువు అరుపు, దాని వెనకే అత్తమ్మ కేక వినబడ్డాయి. చెప్పులు కూడా లేకుండా ఉరికాను. జుట్టు ఊడిపోయి, చీర మోకాళ్లదాకా ఎగ్గట్టి, గట్టుమీద పరుగెత్తుకుంటూ వస్తోంది. పిట్ట నెత్తిమీద అరుస్తూ తరుముతోంది.

"తిట్టింది, పూర్ణిమా! గుడ్లమీదికెల్లి లేచి నన్ను తిట్టింది!"

ఆమె కళ్లనిండా నీళ్లు. నాకూ ఆగలేదు. ఇద్దరం అక్కడే ఏడ్చి, నవ్వి, ఇంటికొచ్చాం. చాయ్ పెట్టి ఇచ్చాను. ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"సక్కెర మీ అయ్య పంపిండానే, గింత పోసినవ్?"

ఇంకో చెంచా వేసి ఇచ్చాను.