దివాన్‌గారు పెట్టిన పరీక్ష

అమెరికాలో అరోరా అనే ఊళ్ళో రఘువీర్‌గారిని తెలుగువాళ్ళందరూ దివాన్‌గారనే పిలుస్తారు. వాళ్ళ తాతగారు పాలమూరు వైపు ఒక చిన్న సంస్థానంలో దివాన్‌గా చేశారు. ఈయన ఇన్సూరెన్స్ కంపెనీలో ప్రోగ్రామర్‌గా చేరి అక్కడే రిటైరయ్యారు. అయినా నడక, మాట, చొక్కా ఇస్త్రీ అన్నీ దర్బారు తీరే.

ఊళ్ళో తెలుగు సంఘానికి ఏళ్ళ తరబడి ఆయనే అధ్యక్షుడు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇల్లు దొరకాలన్నా, ఇద్దరు డాక్టర్ల మధ్య అలక తీరాలన్నా ఆయన దగ్గరికే వెళ్ళేవారు. ఉగాదికి హైస్కూల్ ఆడిటోరియం నిండిపోయేది.

తర్వాత జనం పల్చబడ్డారు. జిల్లాకో వాట్సాప్ గ్రూపు, కాలేజీకో గ్రూపు వచ్చాయి. ఇక్కడే పుట్టి పెరిగిన విద్య అనే లాయరు కుర్రవాళ్ళని కూడగట్టి వేరే సంఘం పెట్టింది.

జనం వాళ్ళంతట వాళ్ళే పోతున్నారంటే దివాన్‌గారు నమ్మలేదు. లోపలివాళ్ళెవరో మోసం చేస్తున్నారనుకున్నారు. సంస్థానం లోపలివాళ్ళ వల్లే పోయిందని చిన్నప్పటి నుంచి ఇంట్లో వింటూ పెరిగిన మనిషి మరి. కమిటీ మీటింగుల్లో ఎవరు ఎవరి వైపు చూశారో గమనించేవారు.

ఒక ఆదివారం గుడి పార్కింగ్‌లో సత్యం విద్య కారులోంచి దిగుతూ కనపడ్డాడు. సత్యం సంఘానికి ఉపాధ్యక్షుడు, అమెరికా వచ్చిన కొత్తలో దివాన్‌గారి రూమ్మేటు. ఆయన్ని చూడగానే తడబడి, "గుడికొచ్చిన అన్నా," అన్నాడు. చేతిలో ప్రసాదం లేదు.

ఆ వారమంతా దివాన్‌గారికి అన్నం సయించలేదు. చివరికి సత్యాన్ని ఒక్కడినే పిలిచి ఒక అబద్ధం చెప్పారు.

"ఉగాది శనివారం నుంచి ఆదివారానికి మారుస్తున్నా. కమిటీకి నేనే చెప్తా. అప్పటిదాకా నీకు తప్ప ఎవరికీ తెలీదు."

నాలుగు రోజులు తిరక్కుండానే, ఆదివారం జరగాల్సిన తమ ఉగాది శనివారానికి మారిందని విద్య వాళ్ళు ఫ్లయర్ పంపారు. దివాన్‌గారు దాన్ని తీసుకుని సత్యం ఇంటికి వెళ్ళారు.

"నువ్వేగా చెప్పింది?"

"అవును, నేనే." సత్యం తల దించుకోలేదు. "రెండూ ఒకేరోజు పడితే నీ హాల్లో ఎవరుంటరన్నా? అందుకే విద్యని బతిమాలి డేట్ మార్పించిన. ఆరోజు గుడి దగ్గర కూడా ఆమెతో అదే మాట్లాడిన. మన పోగ్రాం మీద మీది పెట్టుకోకుండ్రి అన్న."

"నేను ఆదివారానికి మార్చలేదు. నిన్ను పరీక్షించడానికి అలా అన్నాను."

సత్యం ఫ్లయర్ మీద తేదీ మళ్ళీ చూశాడు. "అంటే ఇప్పుడు రెండూ శనివారమేనా? నా మాట మీద ఒకసారి మార్చింది, ఈసారి నువ్వే ఒక్క ఫోన్ చెయ్యన్నా. విద్య మళ్ళీ మారుస్తది."

"నేను ఆ పిల్లని అడగాలా?" అని దివాన్‌గారు లేచి వచ్చేశారు. దారంతా ఇంకో సందేహం. సత్యం చెప్పింది నిజమేనా, అప్పటికప్పుడు అల్లిన కథా?

శనివారం ఆడిటోరియంలో మొదటి రెండు వరుసలు కూడా నిండలేదు. సత్యం భార్యతో వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. మధ్యలో విద్య ఫోన్ చేసింది. దివాన్‌గారు ఎత్తలేదు. పంచాంగ శ్రవణం, పిల్లల పాటలు, వందన సమర్పణ, ఏదీ తగ్గించకుండా నిండు సభ ముందు జరిపించినట్టే జరిపించారు.

మరుసటి నెల కమిటీలో లేచి నిలబడి రాజీనామా చేశారు. రెండు సంఘాలూ ఒకటైతే మంచిదని ప్రతిపాదించింది కూడా ఆయనే. ఎవరూ కాదనలేదు. కనీసం ఒక్కరైనా వద్దంటారని ఎదురుచూశారేమో, కాసేపు అలాగే నిలబడి ఉండిపోయారు.

కలిసిన సంఘానికి సలహాదారుగా ఉండమని విద్య ఆయన ఇంటికి వచ్చి అడిగింది.

"ఎవరు అడగమన్నారమ్మా?"

"ఎవరూ లేదు అంకుల్. ప్రామిస్. నేనే వచ్చాను."

ఆయన ఆమె మొహం పరీక్షగా చూసి ఒప్పుకున్నారు. ఇప్పుడు మీటింగుల్లో తలుపు పక్క కుర్చీలో కూర్చుంటారు. అడిగితే మాట్లాడతారు. కళ్ళు సరిగ్గా కనపడక డ్రైవింగ్ మానేశారు కాబట్టి సత్యమే తీసుకొచ్చి దింపుతాడు. కారులో మోకాళ్ళ నొప్పుల గురించీ మంచు గురించీ మాట్లాడుకుంటారు. సంఘం ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తరు.