గురునాథం పెద్దకర్మ కార్డులు

జీనత్ పుట్టిల్లు నూజెండ్ల. వినుకొండలో డిగ్రీ చదువుతూనే డీటీపీ కూడా నేర్చుకుంది. పెళ్లయి రొంపిచెర్ల పక్క ఊరికి కాపురానికి వచ్చాక చదువూ డీటీపీ రెండూ అటకెక్కాయి. మొగుడు ఫయాజ్ నరసరావుపేట రోడ్డులో ఆటో తోలేవాడు. బుద్ధి పుట్టిన రోజు తోలేవాడు, పుట్టని రోజు మంచం మీద ఫోను చూసుకుంటూ పడుకునేవాడు. కూతురు పుట్టి కాస్త నడక వచ్చాక, నరసరావుపేటలో ఒక నెట్ సెంటరు ఎత్తేస్తున్నారని విని, పుట్టింటి వాళ్లిచ్చిన మేకల్ని అమ్మేసి అక్కడి పాత కంప్యూటరునూ రంగుల ప్రింటరునూ ఇంటికి తెచ్చుకుంది జీనత్. మేకలు పాలన్నా ఇచ్చేవి గదా, ఇదేమిస్తుందని ఫయాజ్ నవ్వాడు. ఆధార్ కాగితాలు, పొలం కాగితాలు, పిల్లల ప్రాజెక్టులు, ఓణీల ఫంక్షన్ కార్డులు ఒక్కొక్కటిగా రావడం మొదలయ్యాక నవ్వడం మానేశాడు. వచ్చిన డబ్బు మాత్రం అతనే తీసుకునేవాడు.

ఆ ఊళ్లో అందరికంటే ముందు ఆమె గడప తొక్కింది ధనమ్మ. పెన్షన్ కాగితం కోసం వచ్చి, ఆ తర్వాత పని లేకపోయినా మునక్కాయలో మజ్జిగో పట్టుకొచ్చి కాసేపు కూర్చుని పోయేది. ధనమ్మకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు వెంకట్రామయ్య ఊళ్లో ఒక పార్టీకి పెద్ద. రెండోవాడు గురునాథం. పంచాయతీ ఎలక్షన్లప్పుడు జరిగిన గొడవలో అవతలి పార్టీ మనిషి ఒకడి తల పగిలింది. కేసులో మొదటి పేరు గురునాథానిది పడింది. కొట్టింది అతను కాదనీ, అన్న కోసం ఆ పేరు మోస్తున్నాడనీ ఊళ్లో సగం మందికి తెలుసు. ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగిన ఊరు అది. అక్షరం ముక్క రానివాళ్లకి కూడా వాయిదా, బెయిలు, ట్రయలు అనే మాటలు నోటికి వచ్చు. ట్రయల్లో నిజం బయటికొస్తుందని గురునాథం కనపడిన వాళ్లందరికీ చెప్పేవాడు. ట్రయలు నడుస్తుండగానే కిడ్నీలు పాడై చనిపోయాడు.

పెద్దకర్మ దగ్గరపడ్డాక గానీ వెంకట్రామయ్యకి కార్డులు గుర్తు రాలేదు. నరసరావుపేటలో ప్రెస్సు వాళ్లు ఇంత తొందరలో వెయ్యలేమన్నారట. చచ్చిపోయినవాడి మీద అంత ఖర్చు దేనికని కూడా అనుకున్నాడో ఏమో, జీనత్‌కి కబురు పెట్టాడు. జీనత్ ఒప్పుకోకుండా ఉండాల్సింది. కంప్యూటరుకి వైరస్ పట్టి, ఈ మధ్యే మెకానిక్కు అంతా తుడిచేసి మళ్లీ ఎక్కించాడు. కార్డులు చేసే పాత సాఫ్ట్‌వేర్ అందులో పోయింది. కానీ కార్డు పనికి ధనమ్మే స్వయంగా వచ్చింది, కొంగులో చుట్టిన ఫొటోతో.

"వాడు నవ్వతా ఉన్న ఫొటో ఇదొక్కటేనమ్మా. మొహం బాగా అవపడేట్టు చెయ్యి" అంది.

జీనత్ ఫోనులోని నెట్‌ని కంప్యూటరుకి కలిపి, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటి దించడం మొదలుపెట్టింది. చివరిదాకా వచ్చి అది ఆగిపోయింది. చోటు లేదంది. పాప కోసం దాచిన ఆటలూ పాటలూ తీసేసింది. మళ్లీ ఎక్కిస్తే ఇంకేదో ఫైలు లేదంది. ఆ ఫైలూ వెతికి దించింది. కంప్యూటరుని ఆపి మళ్లీ వేసింది. ఎట్టకేలకు సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. ముందొక నోటీసు వచ్చింది. ఇది ట్రయల్ అనీ, కొన్ని రోజులే పనిచేస్తుందనీ పైన ఉంది. కింద సన్నని ఇంగ్లీషులో ఇంకా చాలా ఉంది. జీనత్ అదంతా చదవలేదు. సరేనని నొక్కి ముందుకు పోయింది.

కార్డు చక్కగా కుదిరింది. గురునాథం ఫొటోకి చుట్టూ పూలదండ పెట్టి, కింద దీపం బొమ్మ పెట్టి, ధనమ్మ అడిగినట్టే మొహం బాగా పెద్దది చేసింది. తెర మీదున్న కార్డుని ఫోనుతో ఫొటో తీసి వెంకట్రామయ్యకి పంపితే, బాగుందని అటునుంచి బొటనవేలి గుర్తు వచ్చింది.

ప్రింటు మాత్రం రాలేదు. ప్రింటరుకి లైటు వెలుగుతోంది, కంప్యూటరేమో అది ఆఫ్‌లైన్‌లో ఉందంటోంది. ఎన్ని కార్డులు కావాలో చెప్పి మళ్లీ ప్రింటు నొక్కింది. వైరు తీసి ఇంకో చోట గుచ్చి మళ్లీ నొక్కింది. ప్రింటరుని నడిపే డ్రైవరు ఫైలు మళ్లీ ఎక్కించి, ఇంకోసారి నొక్కింది. మంచం మీద నుంచి ఫయాజ్ వింటున్నాడు. నీ చదువుకి ఒక డబ్బా కూడా మాట వినదే అన్నాడు. జీనత్ రెండింటినీ ఆపేసి, కాసేపాగి, ముందు ప్రింటరు, తర్వాత కంప్యూటరు వేసింది. ప్రింటరు ఒకసారి కీచుమని, కాగితం లోపలికి లాక్కుంది.

మొదటి కార్డు బయటికి వస్తుంటే జీనత్‌కి ప్రాణం లేచొచ్చింది. చేతిలోకి తీసుకుని చూసింది. గురునాథం చెంప మీద నుంచి నోటి మీదుగా భుజం దాకా, బూడిదరంగులో ఏటవాలుగా, ట్రయల్ అని పెద్ద ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. తెర మీద ఆ మాట లేదు. కొనకుండా వాడుకునేవాళ్లకి కాగితం మీద మాత్రమే పడేట్టు కంపెనీ వాడు పెట్టుకున్నాడు. ఆమె ఇది అర్థం చేసుకునేలోపు రెండో కార్డు వచ్చింది, మూడోది వచ్చింది. ఇందాకటి నుంచీ ఆమె నొక్కిన నొక్కులన్నీ లోపల వరసలో కూర్చుని ఉన్నాయి. ఇప్పుడవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చిపడుతున్నాయి. ఆపమని నొక్కితే ఆగలేదు. చివరికి స్విచ్చు బోర్డు నుంచి ప్లగ్గు పీకేసింది. అప్పటికే తెచ్చిపెట్టుకున్న కార్డు కాగితం దాదాపు అయిపోయింది.

తర్వాత ఒక దారి తట్టింది. తెర మీద కార్డు శుభ్రంగానే ఉంది గదా. వరసలో మిగిలిన ప్రింట్లన్నీ తుడిచేసి, ప్లగ్గు మళ్లీ పెట్టి, తెరనే బొమ్మగా పట్టి, ఆ బొమ్మని మామూలు ప్రోగ్రాంలో తెరిచి ప్రింటు ఇచ్చింది. అక్షరాలు కాస్త మసకబారాయి గానీ మొహం మీద మాట లేదు. మిగిలిన కాసిని కాగితాల మీద అలాగే తీసి బల్ల మీద పెట్టింది. పాడైన వాటిని మూటగట్టి మంచం కిందికి తోసింది. కార్డు కాగితం రొంపిచెర్లలో దొరకదు, పేట పోవాలి. ఎవరొచ్చినా సాయంత్రం రమ్మనమని, మంచం కిందవి ముట్టుకోవద్దని ఫయాజ్‌కి ఒకటికి రెండుసార్లు చెప్పి, పాపని చంకనెత్తుకుని బయల్దేరింది.

తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. వంగి మంచం కింద చూసింది. అక్కడా లేవు.

"వెంకట్రామయ్య మనిషొచ్చాడు, ఇచ్చేశా" అన్నాడు ఫయాజ్ ఫోనులోంచి తలెత్తకుండా.

"ఏయి ఇచ్చావు?"

"అన్నీ. నువ్వు బల్ల మీద పెట్టినయ్యి పైన ఏసి కట్టా. చావు కార్డులో ఇంగ్లీషు ఎవుడు చదవతాడే? డబ్బులు కూడా తీసుకున్నా."

వెంకట్రామయ్యకి ఫోను చేసి చెబుతానని జీనత్ అంటే, ఆమె చేతిలోని ఫోను లాక్కుని జేబులో వేసుకున్నాడు. నోరు మూసుకుని ఉంటే పోయేదానికి ఊరంతా చాటతావేంది అన్నాడు. ఆమె బల్ల దగ్గర కూర్చుంది. తెచ్చిన కాగితం మీద మంచి కార్డులు తీసి, సంచిలో వేసుకుని ధనమ్మ ఇంటికి పరుగుతీసింది. అప్పటికే కార్డులు మోటారు సైకిళ్ల మీద ఊళ్లకి వెళ్లిపోయాయి. ధనమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఒక కార్డు ఉంది. కొడుకు మొహం మీద బొటనవేలితో రుద్దుతోంది.

"ఇది తుడిస్తే పోవట్లేదమ్మా. ఏంది ఈ అడ్డంగా రాసింది?"

కంపెనీ వాళ్ల గుర్తు పెద్దమ్మా, పొరపాటున పడింది, మంచివి తెచ్చానని జీనత్ సంచిలోంచి తీసివ్వబోయింది. ధనమ్మ వాటివైపు చూడలేదు. నా బిడ్డ మొహం మీద కంపెనీ వాళ్లకేం పని అని మాత్రం అడిగింది.

ఇంగ్లీషు చదివేవాళ్లు సెంటర్లో టీ కొట్టు దగ్గర దొరికారు. అవతలి పార్టీ వాడొకడు కార్డు పట్టుకుని పైకి చదివాడు. చచ్చినా గురునాథానికి ట్రయలు తప్పలేదురా అన్నాడు. కొట్టు ముందున్న వాళ్లంతా విరగబడి నవ్వారు. ఆ నవ్వు పొద్దు గుంకకముందే వెంకట్రామయ్య చెవిన పడింది. కాలం కలిసిరాక కంప్యూటరు చేసిన పని ఇదని ఎవరు చెప్పినా ఆయన నమ్మేవాడు కాదు. అవతలి పార్టీ వాళ్లు డబ్బిచ్చి రాయించారనే నమ్మాడు. మనుషుల్ని వెంటేసుకుని జీనత్ ఇంటి ముందు నిలబడ్డాడు. వీధి వీధంతా పోగైంది.

జరిగింది మొదటి నుంచీ చెప్పబోయింది జీనత్. సాఫ్ట్‌వేరు, ప్రింటరు, వరసలో ఉండిపోయిన ప్రింట్లు అంటుంటే ఎవరికీ ఒక్క ముక్క ఎక్కలేదు. మంచివి వేరే పెట్టి, ఇవి ఇవ్వొద్దని మా ఆయనకి చెప్పానంది. అందరూ ఫయాజ్ వైపు చూశారు.

"నాకేం తెలుసు బాబాయ్. కార్డులు కట్టి పెట్టింది అదే. ఇయ్యమంటే ఇచ్చా" అన్నాడు ఫయాజ్. ఆ మాట నిజమని చూపించడానికన్నట్టు ముందుకొచ్చి, అందరూ చూస్తుండగా ఆమె చెంప మీద కొట్టాడు. పాప ఏడుపు అందుకుంది. ఎవరూ అడ్డం రాలేదు.

వెంకట్రామయ్య దాంతో చల్లబడలేదు. పంచిన కార్డులన్నీ నువ్వే గడపగడపకీ తిరిగి వెనక్కి తీసుకురావాలని తీర్పు చెప్పాడు. పక్క ఊళ్లవి తన మనుషులు తెస్తారట, ఊళ్లోవి మాత్రం ఆమే తేవాలట. మర్నాడు పొద్దున్నుంచీ జీనత్ గడపలు ఎక్కి దిగింది. కొందరు చెయ్యి తగలకుండా కార్డుని నేల మీద పడేశారు. కొందరు గొళ్లెం తియ్యలేదు. టీ కొట్టులో చదివిన కార్డు ప్రేమమ్మ ఇంటికి చేరిందన్నారు. ఆ గొడవలో తల పగిలిన మనిషి భార్య ప్రేమమ్మ. దెబ్బ తగిలిన రోజు నుంచీ ఆయనకి మాట లేదు.

ప్రేమమ్మ కూలికి పోబోతూ ఆగింది. కార్డు గోడకి మేకుతో కొట్టి ఉంది. అది ఇమ్మని జీనత్ అడిగితే, ముందు చదవమంది. ఏం చదవాలని జీనత్ నీళ్లు నమిలింది.

"వాడి మొహం మీద నువ్వేం రాశావో అదే. గట్టిగా చదువు. మా ఆయన ఇనాలి."

పంచలో మంచం మీద మొగుడు కళ్లు తెరిచి చూస్తున్నాడు. జీనత్ చదివింది. ఇంకోసారి అంది ప్రేమమ్మ. ఇంకోసారి చదివింది. మంచం మీద మనిషి గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది, అది నవ్వో ఏడుపో తెలియలేదు. ప్రేమమ్మ వెళ్లి ఆయన నోటి పక్కన కారినదాన్ని కొంగుతో తుడిచి, ట్రయలనే మాట మా ఇంటిదాకా తెచ్చింది ఇన్నాళ్లకి ఈ కార్డొక్కటే, దీన్ని నేనివ్వనని చెప్పి పనికి వెళ్లిపోయింది.

ఆ ఒక్కటీ తక్కువైనందుకు వెంకట్రామయ్య మళ్లీ తిట్టాడు. తెచ్చిన కార్డులన్నీ దొడ్లో పోసి కాల్చారు. ధనమ్మ తన ఒళ్లో కార్డు మాత్రం ఇవ్వలేదు. జీనత్ వంగి ఆమె కాళ్లు పట్టుకోబోతే కాళ్లు వెనక్కి లాక్కుంది.

"నీకూ ఒక బిడ్డుంది గదా. దాని మొహం మీద రాసి చూసుకో, ఎట్టుంటదో" అంది. గొంతు పెంచలేదు. మజ్జిగ ఇచ్చేటప్పుడు మాట్లాడినట్టే మాట్లాడింది.

ఆ తర్వాత జీనత్ దగ్గరికి కాగితం ముక్క పట్టుకుని ఎవరూ రాలేదు. ఊరు ఆమెకి ట్రయలమ్మ అని పేరు పెట్టింది. అంగన్‌వాడీలో పాపని కూడా అలాగే పిలిచేవాళ్లు. పాపకి అర్థం తెలియక పలికేది. ఫయాజ్ ఆటో మీద చిలకలూరిపేట వెళ్లొచ్చి, ఎవరికో బేరం మాట్లాడి, కంప్యూటరూ ప్రింటరూ ఎత్తుకుపోయి అమ్మేశాడు. ఆమెని అడగలేదు. చెంపదెబ్బ తిన్న రోజు నుంచీ ఆమెకి అతనితో అవసరమైన మాటే గానీ ఇంకో మాట లేదు. దాని వల్ల అతనికి వచ్చిన నష్టమూ ఏమీ కనపడలేదు.

పత్తి సీజను రాగానే జీనత్ జిన్నింగు మిల్లులో కూలికి కుదిరింది. తెల్లారకముందే లేచి సద్ది కట్టుకుని ఊళ్లో ఆడవాళ్లతో పాటు పేట దాకా ఆటోలో, అక్కడి నుంచి బస్సులో పోయేది. దూది నలకలు జుట్టులోనూ కనురెప్పల్లోనూ ఇరుక్కుని, ఇంటికొచ్చాక ఎంత కడిగినా పోయేవి కావు. దగ్గు పట్టుకుంది. వచ్చిన కూలి డబ్బు ఫయాజ్‌కి ఇవ్వకుండా నూజెండ్లలో తల్లి దగ్గర దాచడం మాత్రం నేర్చుకుంది. ఈ సంగతి తెలిసి అతను మళ్లీ కొట్టాడు. కొట్టినా ఇవ్వలేదు.

ఒక రోజు సాయంత్రం పేట నుంచి వచ్చే ఆటోలో చోటు లేక ధనమ్మ ఆమె పక్కన ఇరుక్కుని కూర్చుంది. కళ్లాసుపత్రి నుంచి వస్తున్నట్టుంది, ఒక కంటికి పచ్చ గుడ్డ కట్టి ఉంది. పక్కనున్నదెవరో చూడలేదు. గుంతలో చక్రం పడి ఆటో ఎగిరేసరికి ముసలామె తూలి, జీనత్ భుజం గట్టిగా పట్టుకుంది. జీనత్ చెయ్యి అడ్డంపెట్టి ఆమె పడిపోకుండా ఆపింది. జాగ్రత్త పెద్దమ్మా అంది. ఆ గొంతు విని ధనమ్మ తల తిప్పి, కట్టు లేని కంటితో ఆమెని చూసింది. భుజం మీద చెయ్యి తీసేసింది. ముందున్న ఇనప కమ్మీని రెండు చేతులతో పట్టుకుని, ఊరొచ్చేదాకా అలాగే కూర్చుంది.