సదానందం కాక శాశ్వత నిష్క్రమణలు

సదానందం కాక ఫేస్‌బుక్‌ను శాశ్వతంగా వదిలేసి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో నాకు తెలిసి నలభైసార్లు వదిలేశాడు.

ఆయన గోదావరిఖనిలో భూగర్భ గనిలో పంపు ఆపరేటర్. నేను అదే గనిలో గుమాస్తాను. మా క్వార్టర్లు పక్కపక్కనే. కాలనీలో ఎవరి పెళ్లి జరిగినా, ఎవరు రిటైరైనా ఫోటోలు, వీడియోలు తీసి ఫేస్‌బుక్‌లో పెట్టేది కాకే. అలా కొన్నాళ్లు పెట్టి, ఉన్నట్టుండి కాలనీ వాట్సాప్ గ్రూపులో ప్రకటన వేస్తాడు: "మిత్రులారా, ఫేస్‌బుక్‌తో నా రుణం తీరింది. శాశ్వతంగా సెలవు." అంతే, మనిషి మాయం.

మర్నాడు చాయ్ హోటల్లో మెకానిక్ కరీం కాచుకొని ఉంటాడు.

"ఏమన్నా, ఈసారి డియాక్టివేటా, డిలీటా?"

"డిలీటే! పర్మినెంటు!"

"డియాక్టివేటంటే సిక్ లీవు, డిలీటంటే రాజీనామా. నువ్వు రాజీనామా అని చెప్పి సిక్ లీవు మీద పోతవన్నా!"

హోటలంతా నవ్వుతుంది. కాక మాత్రం గంభీరంగా, "నవ్వుండ్రి. ఇగ ఈ మొకం మీకు కనవడది" అంటాడు. మూడో రోజుకల్లా ఆ మొహం నల్లకళ్లద్దాలతో సహా ఫేస్‌బుక్‌లో ప్రత్యక్షం.

ఒకసారి గోలేటిలో ఉండే ఆయన మేనత్త ఐలవ్వకు ఎవరో ఆ ప్రకటన చదివి వినిపించారు. 'శాశ్వతంగా సెలవు' అనగానే ఆమె ఏడ్చుకుంటూ బస్సెక్కి వచ్చింది. గడపలో కూర్చొని పల్లీలు తింటున్న మేనల్లుణ్ని చూసి, "ఉన్నవా కొడకా!" అని కావలించుకుంది. సంగతి తెలిశాక చేతిసంచితో నాలుగు తగిలించింది.

పోయిన నెల మా గనిలో ముత్యం రిటైరయ్యాడు. ఆ వీడ్కోలు సభ వీడియో పెట్టిన సాయంత్రమే కాక మళ్లీ సెలవు తీసుకున్నాడు. మూడో రోజు చెమటలు కక్కుతూ మా ఇంటికొచ్చాడు.

"విజయేంద్రా, ఆగమైంది! నిజంగనే రాజీనామా అయింది తమ్మీ! జల్దిల చెయ్యి జారి డిలీట్ ఒత్తిన!"

ఫోన్ చూశాను. ముప్పై రోజుల్లో రద్దు చేసుకోకపోతే ఖాతా పూర్తిగా చెరిగిపోతుందని ఇంగ్లీషులో ఉంది.

"పన్నెండేండ్ల ఫోటోలు తమ్మీ! కాలనీల అందరి పెండ్లిళ్లు, పిల్లలు..."

"ఫికర్ చెయ్యకు కాకా. మూడు రోజులే అయినయ్."

రద్దు చేయగానే అన్నీ తిరిగొచ్చాయి. అన్నిటికంటే పైన ముత్యం సభ వీడియో. అందులో ఆయన కూతురు దీప నాన్న కోసం పాట అందుకుంది. మధ్యలో ఏడుపొచ్చి గొంతు కీచుమంది. కింద ఇరవైమంది వెక్కిరింతలు: "సైరన్ మోగింది, షిఫ్టు అయిపోయిందా?"

"అవి చదువకు" అంటూ కాక ఫోన్ లాక్కొని ఆ వీడియో తీసేశాడు.

అప్పుడు నాకు వెలిగింది. నిరుడు గని రక్షణ వారోత్సవాల్లో నేను వేదికెక్కి, ప్రతిజ్ఞకు బదులు జేబులోని కిరాణా చిట్టీ తీసి, 'ఉల్లిగడ్డలు రెండు కిలోలు' దాకా చదివేశాను. భయంభయంగా ఇంటికెళ్లి ఫేస్‌బుక్ తెరిస్తే కాక తీసిన వీడియో లేదు. కాకే లేడు. ఖాతా మూసేస్తే అందులోని వీడియోలు, వాటి కింది మాటలు కూడా కనబడవు కదా! మర్నాడు హోటల్లో అందరూ కాకను చూసి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

"కాకా, నా చిట్టీ అప్పుడు గూడ గిందుకేనా?"

కాక తల గోక్కున్నాడు.

"ఆ ఒక్క వీడియో అప్పుడే తీసేస్తే అయిపోవు గద?"

"అందరు చూస్తున్నప్పుడు తీస్తే ఎందుకు తీసినవని అడుగుతరు. మల్ల నీ ఉల్లిగడ్డల ముచ్చటే లేస్తది. నేను పోతే నా ముచ్చట లేస్తది. నాకేంది? పంపు చప్పుడుల ఎవలి నవ్వు ఇనవడది."

అంతలో దీప మిఠాయి డబ్బాతో వచ్చింది.

"కాకా, ఆ దినం నా పాట వీడియో పెట్టినవంట. ఎవలన్న నవ్విండ్రా?"

"ఏడ బిడ్డా! ఆ పూటకే నేను ఫేస్‌బుక్ ఇడిసిపెడితి. అందరికి నన్ను చూసి నవ్వుడే సరిపోయింది."

దీప పెదవులు బిగపట్టి చూసింది. నవ్వు ఆపుకోలేకపోయింది.

"నేను గూడ నవ్విన కాకా."

కాక మొహం వెలిగిపోయింది.

"అట్లనా! బాగ నవ్వినవా?"